లిస్టులో లిస్టు, చదివింపుల పుస్తకం: కమలానగర్ మేడ మీది పైథాన్ క్లాసు ఎలా ఉందంటే

పైథాన్ అంటే కంప్యూటర్‌కు పని చెప్పే ఒక ప్రోగ్రామింగ్ భాష. క్లాసు ఫీజు నాలుగు వేలు. ఎనిమిది వారాలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర. చేరాలా వద్దా అని అడిగేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నా. ఇంటర్వ్యూ కోసం గబగబా అన్నీ పూర్తి చేసేయాలనుకుంటే వద్దు. చేతిలో ఏదో ఒక లెక్కల పుస్తకం ఉండి, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి ప్రశ్నలు అడగాలని ఉంటే చేరండి. నేను రెండో రకం.

నేను అనంతపురంలో ఒక చీనీ మండీలో గుమాస్తాని. కోస్తావాళ్ళ కోసం చెప్తున్నా, చీనీ అంటే మీ బత్తాయి. పొద్దున వేలం, మధ్యాహ్నం రైతులకు అమ్మకం లెక్కల పట్టీలు రాయడం, సాయంత్రం అవన్నీ ఎక్సెల్‌లో కొట్టడం. బీకాం చదివి ఇరవై రెండేళ్ళయింది. ప్రోగ్రామింగ్ అనే మాట మా మేనల్లుడి నోట వినడమే తప్ప నాకు ఎక్కడా తగల్లేదు.

మరి ఈ వయసులో పైథాన్ క్లాసుకు ఎందుకు పోయినట్టు? మా అన్న కూతురి పెళ్ళి వల్ల. పెళ్ళిలో చదివింపులు రాసే పని నా నెత్తిన పడింది. 200 పేజీల రూళ్ళ నోటు పుస్తకం, ఊరు, పేరు, రూపాయలు, మొత్తం 412 వరుసలు. పెళ్ళి అయిపోయింది కానీ పుస్తకం పని అవలేదు. ఎవరింటి నుంచి శుభలేఖ వచ్చినా మా వదిన నాకే ఫోను. "ఏమబ్బీ, గుత్తి వాళ్ళు మనకెంత చదివించినారో చూసి చెప్పు." నేను మండీలో పట్టీలు పక్కన పెట్టి పుస్తకం తిరగేయాలి. ఆరు నెలలు ఓపిక పట్టాను. ఒకరోజు శింగనమల వాళ్ళకు తక్కువ చెప్పాను, వదిన తక్కువ చదివించి వచ్చింది, ఆ ఇంట్లో వాళ్ళు మళ్ళీ మాట్లాడలేదు. ఆ రోజే క్లాసుకు ఫోన్ చేశాను.

క్లాసు పేరు రాయడం లేదు. ఆ మేడం ప్రచారం అడగలేదు, పైగా నేను కొన్ని తిట్లు కూడా తిట్టబోతున్నాను. కమలానగర్‌లో ఒక మేడ మీద, కింద ఉగ్గాని బజ్జీ బండి. మేడం బెంగళూరులో తొమ్మిదేళ్ళు పనిచేసి ఊరికి తిరిగొచ్చారట. నన్ను "అన్నా" అంటారు. జేఎన్‌టీయూ పిల్లలు ఆరుగురు, డిగ్రీ ఆడపిల్లలు నలుగురు, ఇంకో నలుగురు నాబోటి వాళ్ళు, మొత్తం పద్నాలుగు మంది. పిల్లలకు నేను "అంకుల్". మొదటి వారం కొంచెం గుచ్చుకుంది. తర్వాత హోంవర్క్ చూసి రాసుకోవడానికి నా దగ్గరికే రావడం మొదలుపెట్టాక బానే ఉంది.

గోడ మీద కొండచిలువ బొమ్మ ఉంటుంది. ఇంగ్లీషులో పైథాన్ అంటే కొండచిలువే కానీ, ఈ భాష పేరుకు పాముతో సంబంధమే లేదని మొదటిరోజే చెప్పారు. ఈ భాషను తయారుచేసిన గీడో వాన్ రాసమ్‌కు 'మాంటీ పైథాన్' అనే బ్రిటిష్ హాస్య కార్యక్రమం ఇష్టమట, 1991లో బయటికి వదిలినప్పుడే ఆ పేరుంది. మరి ఆ బొమ్మ ఎందుకు పెట్టారని అడిగితే, "పెయింటర్ నన్ను అడక్కుండా వేసేసినాడన్నా" అన్నారు.

ఇక అసలు విషయం. ఎనిమిది వారాల్లో మూడు వారాలు ఈ మేడం ఒకే ఒక్క పని మీద కూర్చోబెడతారు: లిస్టుల లిస్టును డిక్షనరీగా మార్చడం. జేఎన్‌టీయూ పిల్లలు గొణిగారు. వేరే చోట ఒక గంటలో చెప్పి వెళ్ళిపోతారంట. నాకు మాత్రం ఆ మూడు వారాలకే నాలుగు వేలూ ఇచ్చాననిపించింది.

చదివింపుల పుస్తకంలో ఒక్కో వరుస ఒక చిన్న లిస్టు. చదరపు బ్రాకెట్టులో గార్లదిన్నె, శ్రీనివాసులు, 516. అలాంటివి 412 కలిపి ఇంకో పెద్ద బ్రాకెట్టులో పెడితే అదే లిస్టులో లిస్టు. పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టు ఎక్కించడానికి అది సరిపోతుంది. నాలుగు రాత్రులు కూర్చుని నేనే కొట్టాను. కానీ దాన్ని "గుత్తి వాళ్ళు ఎంత" అని అడిగితే అది కూడా నాలాగే మొదటి పేజీ నుంచి వెతుక్కుంటూ వస్తుంది. డిక్షనరీ అయితే అట్లా కాదు. ఒక కీ, అంటే వెతికే మాట ఇస్తే, దాని ఎదురుగా ఉన్న వాల్యూని తీసి చేతిలో పెడుతుంది. వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ మూడు వారాలూ మేం నేర్చుకున్నది "ఏది కీ?" అనే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడమే. మేడం ప్రతిరోజూ సిస్టమ్ ఆన్ చేయకముందే అది కాగితం మీద రాయించేవారు.

మొదటి ప్రయత్నంలో నేను తెలివి చూపించాను. లిస్టును నేరుగా డిక్షనరీ తయారుచేసే 'డిక్ట్'లో పడేశాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ క్లాసులో ఎర్రర్ వస్తే అందరికీ వినపడేలా పైకి చదవాలి, అదొక రూలు. లేచి చదివాను: "వాల్యూ ఎర్రర్. డిక్షనరీ అప్‌డేట్ సీక్వెన్స్ ఎలిమెంట్ నంబర్ సున్నా హ్యాజ్ లెంగ్త్ 3, 2 ఈజ్ రిక్వైర్డ్." దాని అర్థం తెలుగులో చెప్పమన్నారు. "సున్నా నంబరు వరుసలో మూడున్నాయి, నాకు రెండే కావాలంటోంది మేడం." "మరి ఏ రెండు ఇస్తారన్నా?" నేను ఆలోచించకుండా పేరు, రూపాయలు అన్నాను. ఆమె ఏమీ అనలేదు. అదీ ఈమె పద్ధతి. తప్పు చేయబోతున్నామని తెలిసినా ఆపరు.

ఫ్లవర్ బ్రాకెట్టులో ఒక్క లైను రాశాను. ప్రతి వరుస నుంచి పేరు కీ, రూపాయలు వాల్యూ. పైథాన్‌లో లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి ఊరు సున్నా, పేరు ఒకటి, రూపాయలు రెండు. ఎంటర్ కొట్టాను. ఒక్క ఎర్రర్ లేదు. నా జీవితంలో మొదటి ప్రోగ్రాం. పక్క సిస్టమ్ అమ్మాయి చప్పట్లు కూడా కొట్టింది.

"ఎన్నున్నాయో లెన్ అడగండన్నా" అన్నారు మేడం.

268.

412 వరుసలు పెడితే 268 మిగిలాయి. 144 మంది ఎటు పోయారు? "శ్రీనివాసులు అని కొట్టి చూడండి" అన్నారు. 116 అని వచ్చింది. నాకు చెమట పట్టింది. శ్రీనివాసులు అంటే మా మేనమామ, పెళ్ళిలో 10,116 చదివించిన మనిషి. విషయం ఏమిటంటే, మా పుస్తకంలో శ్రీనివాసులు అనే పేరుతో పందొమ్మిది మంది ఉన్నారు. మా జిల్లాలో పేర్ల సంగతి తెలిసిందే కదా, శ్రీనివాసులు, రామాంజనేయులు, ఓబులేసు, నాగరాజు అని నలుగురిని పిలిస్తే సగం పెళ్ళి లేచి నిలబడుతుంది. డిక్షనరీలో ఒక కీ ఒక్కసారే ఉంటుంది. అదే కీ మళ్ళీ వస్తే పాత వాల్యూ మీద కొత్తది రాసేస్తుంది, ఆఖరున వచ్చినదే మిగులుతుంది. ఎర్రర్ ఇవ్వదు, హెచ్చరిక ఇవ్వదు. ఎవరో కూడేరు శ్రీనివాసులు, పందిరి ఊడదీసే టైముకు వచ్చి 116 ఇచ్చిపోయినాయన, మా మేనమామను మింగేశాడు.

అప్పటి నుంచి ఏ డిక్షనరీ కట్టినా ముందు లెన్ చూస్తాను. పిల్లలు చూడరు.

సరే, ఊరు, పేరు కలిపి కీ చేద్దామనుకున్నాను. రెండూ చదరపు బ్రాకెట్టులో పెట్టి కీగా ఇచ్చాను. మళ్ళీ ఎర్రర్, ఈసారి "అన్‌హ్యాషబుల్ టైప్: లిస్ట్". ఇక్కడ మేడం చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది, ఎందుకంటే నా మండీ నుంచే చెప్పారు. "అన్నా, యార్డులో కుప్ప పోస్తారు, దాని మీద చీటీ పెడతారు కదా. వేలం అయ్యేలోపు ఎవరైనా చీటీ మీద పేరు దిద్దేస్తే ఏమవుతుంది?" ఏమవుతుంది, గొడవవుతుంది. డిక్షనరీ కూడా కీని చూసి ఒక సంఖ్య లెక్కకట్టి, ఆ సంఖ్యను బట్టి వాల్యూని ఎక్కడ పెట్టాలో తేలుస్తుందట. మళ్ళీ అడిగినప్పుడు అదే లెక్క వేసి నేరుగా అక్కడికే పోతుంది. కీ మధ్యలో మారిపోయేదైతే లెక్క తప్పుతుంది. లిస్టును ఎప్పుడైనా దిద్దొచ్చు, అందుకే అది కీగా పనికిరాదు. అదే రెండింటినీ గుండ్రటి బ్రాకెట్టులో పెడితే టపుల్, దాన్ని ఇక దిద్దడానికి లేదు. దాన్ని ఒప్పుకుంది. లెన్ 397.

ఇంకా పదిహేను తక్కువ. ఒకే ఊళ్ళో ఇద్దరు నాగరాజులు. చివరికి మా వదిన పక్కన కూర్చుని ఇంటిపేర్లు చెప్తుంటే ఒక రాత్రంతా చేర్చుకుంటూ పోయాను. 409 వచ్చింది. మిగిలిన మూడు నిజంగానే ఒకే మనిషి రెండుసార్లు రాయించినవి, ఒకటి తన పేరున, ఇంకోటి ఊళ్ళో ఉండిపోయిన తండ్రి పంపినదీ తన పేరునే.

ఇంటిపేరు చేర్చడంతో కొత్త తలనొప్పి. దాన్ని ఊరికీ పేరుకీ మధ్యలో పెట్టాను. దాంతో డబ్బు రెండో స్థానం నుంచి మూడోదానికి జరిగింది. నా పాత ప్రోగ్రాం పాపం రెండోదే డబ్బనుకుని పేర్లు కూడబోయి పడిపోయింది. అప్పుడు మేడం 'జిప్' చూపించారు. శీర్షికలు ఒక లిస్టు: ఊరు, ఇంటిపేరు, పేరు, రూపాయలు. వరుస ఇంకో లిస్టు. రెండింటినీ పక్కపక్కన పెట్టి జిప్ లాగితే శీర్షికకు దాని విలువ జతపడుతుంది. అవన్నీ రెండేసి కాబట్టి 'డిక్ట్' ఇప్పుడు నోరెత్తదు. ఇక "వరుసలో రెండోది" అనాల్సిన పని లేదు, "వరుసలో రూపాయలు" అని అడిగితే చాలు. పెళ్ళికూతురి జాకెట్టు జిప్పు అని ఒక పిల్లాడు ఏదో అన్నాడు, మేడం చూపు చూసి మానేశాడు.

కానీ జిప్ కూడా మూగదే. నార్పల రామాంజనేయులుకు ఇంటిపేరు పెట్టడం మరిచాను. వరుసలో మూడే ఉన్నాయి, శీర్షికలు నాలుగు. జిప్ చిన్నది ఎక్కడ ఆగితే అక్కడే ఆగుతుంది. ఫలితంగా ఇంటిపేరు "రామాంజనేయులు", పేరు "516", రూపాయలు అనే కీయే లేదు. దీనికి మందు ఉంది. జిప్‌కు 'స్ట్రిక్ట్' అని చెప్తే పొడవులు కలవనప్పుడు ఎర్రర్ ఇస్తుంది. అది పైథాన్ 3.10లో వచ్చింది. ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. క్లాసులో సిస్టమ్‌లన్నీ విండోస్ 7. వాటి మీద ఎక్కేది పైథాన్ 3.8 వరకే, 3.9 నుంచి విండోస్ 7కు ఎక్కదు. అంటే మేడం బోర్డు మీద రాసినది ఆమె సిస్టమ్‌లోనే నడవదు! "ఇంటికి పోయి చూసుకోండి" అన్నారు. నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది, ఇంకా ఆరు వరుసలు పట్టిచ్చింది. కానీ ల్యాప్‌టాప్ లేనివాళ్ళ సంగతి? నాలుగు వేలు తీసుకునేచోట ఇది పద్ధతి కాదు.

పనిలో పని, సిస్టమ్‌లు తొమ్మిదే. పద్నాలుగు మందికి తొమ్మిది. ఏడుకు ఐదు నిమిషాలు ముందు వెళ్ళకపోతే ఎవరి భుజం మీదుగానో చూడాలి.

నాలుగో వారంలో ఊరి పేర్ల గొడవ తేలింది. బుక్కరాయసముద్రం వాళ్ళను నేనే ఒకచోట బుక్కరాయసముద్రం అని, ఒకచోట బీకేఎస్ అని, పెళ్ళిరోజు తొందరలో ఇంకోచోట బీకే సముద్రం అని రాశాను. మనకు ఒకే ఊరు, డిక్షనరీకి మూడూళ్ళు. అక్కడ మొట్టమొదటిరోజు నేను చేసిన పని పనికొచ్చింది. తప్పు పేరు, ఒప్పు పేరు అని రెండేసి మాటల వరుసలతో చిన్న లిస్టు రాసి, నేరుగా 'డిక్ట్'లో పడేస్తే, ఈసారి కిమ్మనకుండా తీసుకుంది. రెండే అడిగింది, రెండే ఇచ్చాను. ఆ చిన్న డిక్షనరీని 'గెట్'తో అడగాలి, చదరపు బ్రాకెట్టుతో కాదు. బ్రాకెట్టుతో అడిగితే లేని ఊరికి కీ ఎర్రర్ అని అరుస్తుంది. గెట్ అయితే, "దీంట్లో ఉంటే ఒప్పు పేరు ఇవ్వు, లేకపోతే నేనిచ్చిందే తిరిగివ్వు" అని చెప్పొచ్చు. ఊరి పేరు చివర పొరపాటున పడిన ఖాళీ కూడా వేరే కీ అవుతుంది కాబట్టి ముందు 'స్ట్రిప్' చేయాలి. తెలుగులో కొట్టేవాళ్ళకు ఇంకో గండం, పొల్లు తర్వాత కనపడని విడదీసే గుర్తు ఒకటి పడుతుంటుంది. చూడ్డానికి రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి, కీలు మాత్రం వేరు.

తర్వాతది ఊరివారీగా విడగొట్టడం. ఊరు కీ, దాని ఎదురుగా ఆ ఊరివాళ్ళ లిస్టు. మేడం దీన్ని వారం పాటు పొడుగు దారిలోనే రాయించారు. ఒక్కో వరుస తీసుకో, ఈ ఊరు డిక్షనరీలో ఉందా చూడు, లేకపోతే ఖాళీ లిస్టు పెట్టు, ఆ తర్వాత ఈ మనిషిని చేర్చు. జేఎన్‌టీయూ పిల్లాడొకడు అడ్డదారి కనిపెట్టానని 'ఫ్రమ్‌కీస్' వాడాడు. ఊళ్ళన్నీ ఒక్క దెబ్బలో కీలుగా పెట్టి, అన్నిటికీ ఒక ఖాళీ లిస్టు. నాకూ అది బానే ఉందనిపించి ఇద్దరం నా పుస్తకం మీద నడిపాం. ధర్మవరం ఎంతమంది అని అడిగితే 412. ఉరవకొండ? 412. పామిడి? 412. ప్రతి ఊళ్ళోనూ పెళ్ళికొచ్చిన జనమంతా ఉన్నారు!

దీన్ని మాటలతో చెప్తే నాకు ఎక్కేది కాదు. మేడం నెట్‌లో 'పైథాన్ ట్యూటర్' అనే పేజీ తెరిచారు. ఫ్రీనే. మనం రాసింది అందులో వేస్తే ఒక్కో లైను నడుస్తుంటే పెట్టెలు, బాణాలు గీసి చూపిస్తుంది. మూడూళ్ళతో వేసి చూపించారు. డిక్షనరీలో మూడు కీలు, మూడింటి నుంచి మూడు బాణాలు, మూడూ పోయి ఒకే పెట్టెకు గుచ్చుకున్నాయి. తర్వాతి లైను నొక్కారు, పామిడి మనిషి ఆ పెట్టెలో పడ్డాడు. మూడు ఊళ్ళకూ ఉన్నది ఒకే సంచి. "ఫ్రమ్‌కీస్ లిస్టును ఒకసారే తీసుకుని అందరికీ దాన్నే చూపిస్తుంది, కొత్తవి కొనిపెట్టదన్నా." ఆ బొమ్మ చూశాక ఆ తప్పు నేను మళ్ళీ చేయలేదు. ఆ పిల్లాడు ఖాళీ లిస్టుల లిస్టును మూడుతో గుణించి మళ్ళీ అక్కడే పడ్డాడు, అది వేరే సంగతి.

ఆ తర్వాతే 'సెట్‌డిఫాల్ట్', 'డిఫాల్ట్‌డిక్ట్' చెప్పారు. మొదటిది, కీ లేకపోతే ఇది పెట్టి ఇవ్వు అనే మాట. రెండోది లేని కీని అడగ్గానే తనే కొత్త లిస్టు తయారుచేసి పెడుతుంది. నేను ఇప్పుడు వాడేది డిఫాల్ట్‌డిక్టే, కానీ దాంతో జాగ్రత్త. ఊరికే అడిగి చూసినా చాలు, లేని ఊరును పుట్టించేస్తుంది. వదిన ఒకసారి "కళ్యాణదుర్గం నుంచి ఎవరైనా వచ్చినారా" అంటే అడిగాను. ఎవరూ రాలేదు. తర్వాత ఊళ్ళు లెక్కపెడితే ఒకటి పెరిగింది.

ఐదో వారానికి నా దగ్గర ఊరు, దానిలో ఇల్లు, దానిలో చదివింపుల లిస్టు, ఇలా డిక్షనరీలో డిక్షనరీ తయారైంది. ఒకరు రెండుసార్లు ఇచ్చినా రెండూ ఉంటాయి, ఎవరూ ఎవరినీ మింగరు. వెండి కుంకుమభరిణె, స్టీలు బిందె లాంటివి రూపాయల గడిలో ఉండి కూడికను ఆపేస్తే, వాటికి వేరే గడి పెట్టాను. వరుస లిస్టుగా ఉన్నన్నాళ్ళు గడి చేర్చాలంటే భయం. శీర్షికలు వచ్చాక ఆ భయం పోయింది.

చివరి మూడు వారాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఫంక్షన్లు, క్లాసులు, ఏవో గేములు. పిల్లల కోసం చెప్పినవి, పరుగులో అయిపోయాయి. అసలు ఆ టైములో ఫైళ్ళు చదవడం చెప్పాల్సింది, చెప్పలేదు. రెండో ఫిర్యాదు ఇదే, పెద్దది కూడా. ఎవరి లెక్కలైనా ఎక్సెల్‌లోనే ఉంటాయి కదా, అందరూ నాలాగా 412 వరుసలు చేత్తో కొడతారా?

దీని దెబ్బ నాకు క్లాసు అయిపోయాక తగిలింది. మా తమ్ముడి గృహప్రవేశం చదివింపులు వాడి కొడుకు ఎక్సెల్‌లో రాశాడు. దాన్ని కామాల ఫైలుగా, అంటే సీఎస్‌వీగా సేవ్ చేసి పంపాడు. పైథాన్‌లో దాన్ని చదివే సామాను ముందే ఉంది, ఒక్కో వరుసనూ శీర్షికలతో డిక్షనరీగా తనే చేసిస్తుంది. చేసింది కూడా. కానీ "ఊరు" అని అడిగితే కీ ఎర్రర్! పేరు ఇస్తుంది, రూపాయలు ఇస్తుంది, ఊరు మాత్రం లేదంటుంది. కీలన్నీ ఒక్కొక్కటే ప్రింట్ చేశాను. మొదటిది "ఊరు" అనే కనిపిస్తోంది. నేనడిగేదీ అదే. రెండు రాత్రులు పట్టుకుని కూర్చున్నా. మూడో రోజు సిగ్గు విడిచి మేడంకు వాట్సాప్ చేశాను. పది నిమిషాల్లో జవాబు: "ఆ కీకి లెన్ చూడండన్నా." చూశాను. 4. ఊ ఒకటి, ర ఒకటి, కొమ్ము ఒకటి, మూడే ఉండాలి. నాలుగోది ఏది? ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 (తెలుగులాంటి అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) సీఎస్‌వీ అని సేవ్ చేస్తే ఫైలు మొట్టమొదట కంటికి కనపడని ఒక గుర్తు వేస్తుందట. అది పోయి మొదటి శీర్షికకు అతుక్కుంది. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 పక్కన 'సిగ్' అని చేర్చితే ఆ గుర్తును తీసేసి ఇస్తుంది. నాలుగు అక్షరాల పనికి రెండు రాత్రుల నిద్ర.

అంతటితో అయిందా? ఇంటివారీగా కూడితే మా తమ్ముడి బావమరిది 51,61,116 చదివించినట్టు వచ్చింది. తమ్ముడికి ఫోన్ చేసి "రేయ్, మీ బావమరిది యాభై ఒక్క లక్షలు ఇచ్చినాడంట, నాకు చెప్పనే లేదే" అన్నాను. ఆయన ఇచ్చింది 516, ఆయన భార్య పేరున 1116. ఫైలు నుంచి వచ్చేవన్నీ అక్షరాలుగానే వస్తాయి, అంకెలు కాదు. అక్షరాలను కూడితే పక్కపక్కన అతికిస్తుంది. ముందు 'ఇంట్'తో అంకెగా మార్చాలి. డిక్షనరీని జేసన్ అనే రకం ఫైలుగా దాచినప్పుడు తెలుగంతా బ్యాక్‌స్లాష్‌లు, అంకెలుగా మారిపోవడం కూడా ఇలాంటిదే, 'ఎన్‌ష్యూర్ ఆస్కీ' ఫాల్స్ అని చెప్తే తెలుగు తెలుగుగానే ఉంటుంది. ఈ మూడు సంగతులూ ఒక్క సాయంత్రం క్లాసు. మేడంకు చెప్పాను, వచ్చే బ్యాచ్ నుంచి పెడతామన్నారు. చూడాలి.

క్లాసు అయిపోయాక కూడా వాట్సాప్‌లో జవాబు ఇవ్వడం, అదీ విసుక్కోకుండా, ఫీజులో రాసి ఉండని సంగతి. సర్టిఫికెట్‌కు మాత్రం ఇంకో మూడు వందలు అడుగుతారు, చేరేటప్పుడు ఆ మాట చెప్పరు. నాకు అక్కర్లేదు కాబట్టి తీసుకోలేదు, పిల్లలు అందరూ తీసుకున్నారు. నోట్సు అని జెరాక్స్ కాగితాలు ఇస్తారు, అవి ఎవరో నాలుగోసారి జెరాక్స్ తీసినవి, లైను ముందు ఎన్ని ఖాళీలున్నాయో కనపడదు. పైథాన్‌లో ఆ ఖాళీ తప్పితే ప్రోగ్రామే తప్పుతుంది, అలాంటప్పుడు ఈ నోట్సు ఇవ్వకపోయినా నష్టం లేదు. బోర్డు మీదది ఫోటో తీసుకోండి.

ఇప్పుడు మండీలో కూడా వాడుతున్నాను. ఒక్కో పట్టీ ఒక వరుస: రైతు, ఊరు, తూకం, సూటు (తూకంలో తీసే తరుగు), టన్ను ధర. రైతు పేరును కీ చేయలేదు, ఆ పాఠం 116 రూపాయల శ్రీనివాసులు నేర్పాడు. పట్టీ నంబరే కీ. మా సేటు రెండు రోజులు అనుమానంగా చూసి, కాలిక్యులేటర్‌తో ముప్పై పట్టీలు తనే కూడుకుని, ఏమీ మాట్లాడకుండా టీ తెప్పించాడు.

వదిన మొన్న మళ్ళీ ఫోన్ చేసింది. తాడిపత్రిలో పెళ్ళి, వాళ్ళు మనకెంత అని. అడిగాను, గెట్‌తోనే. 'నన్' అని వచ్చింది, అంటే ఏమీ లేదని. "ఏమీ ఇవ్వలేదు వదినా, పుస్తకంలో లేరు" అన్నాను. "లేకపోవడమేంది, పెళ్ళికి ముందురోజు బియ్యం మూటలు రెండు ఆటోలో పంపినారు కదబ్బీ, నువ్వే దించుకుంటివి" అంది. నిజమే, నేనే దించాను. చదివింపులు రాయడం మొదలుపెట్టింది మర్నాడు. ఆ వరుస ఇప్పుడు చేర్చాను, 413.

కొత్త బ్యాచ్ ప్రతి రెండు నెలలకూ ఒకటి మొదలవుతుంది. అడిగితే ఫీజు రెండు సార్లుగా కట్టనిస్తారు. మీ బండి మేడ కింద పెట్టుకోవచ్చు, కానీ ఉగ్గాని బండికి అడ్డం పెడితే ఆయన తీయిస్తాడు. మెట్ల మీద లైటు లేదు, పోయేటప్పుడు ఫోనులో చార్జింగ్ ఉందో లేదో చూసుకోండి.